సంక్రాంతి సంబరాలు: చాక్లెట్ సంత్రా డబ్బాల పని ఎవరెవరిది?

వంటల బాధ్యురాలు: అందరికీ నమస్కారం. ఇక్కడ మహారాష్ట్రలో, బల్లార్షాలో మన తెలుగువాళ్ల సంబరాలు పండగ తర్వాతి ఆదివారం. వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక చిన్న డబ్బా ఇద్దామని మీటింగ్‌లో అనుకున్నాం కదా, దాని సంగతి ఇక్కడ తేల్చేద్దాం. 150 డబ్బాలు, డబ్బాకి ఆరు ముక్కలు. చాక్లెట్‌లో ముంచిన సంత్రా (కమలా పండు) తొక్క ముక్కలు నాలుగు, ఉసిరి ముక్కలు రెండు. నాగపూర్ సంత్రా మన బజార్లోనే దొరుకుతుంది. దాని తొక్క పల్చగా, వదులుగా ఉంటుంది, లోపలి తెల్ల పీచు కూడా తక్కువే. అందుకే చేదు తొందరగా దిగిపోతుంది. ఒక్కో పండు తొక్క నుంచి ఇరవై దాకా సన్న ముక్కలు వస్తాయి. 30 పండ్లు చాలు, చిరిగినవి పోను 35 తెచ్చుకుందాం.

యువ విభాగం: అక్కా, తొక్క ఎందుకు? ఇప్పుడు మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీ సీజన్. ముంచితే ఫోటోల్లో అదిరిపోతుంది!

వంటల బాధ్యురాలు: ఫోటోకి బాగుంటుంది తమ్ముడూ, డబ్బాకి పనికిరాదు. తాజా పండులో నీళ్లుంటాయి. శనివారం ముంచితే ఆదివారం మధ్యాహ్నానికల్లా చాక్లెట్ కింద చెమ్మ చేరి పొర జారిపోతుంది. డబ్బా ఇంటికెళ్లి, బంధువులకి చేరి, ఎప్పుడు తెరుస్తారో మనకి తెలియదు. పాకంలో ఉడికించి ఆరబెట్టిన తొక్కకి ఆ భయం లేదు. మీ సరదా కోసం ఆదివారం పొద్దున ఒక ప్లేటు స్ట్రాబెర్రీ ముంచి వాలంటీర్లకే పెడతాను, సరేనా?

పెద్దలలో ఒకరు: అమ్మా, సంక్రాంతికి అరిసెలు, నువ్వుల లడ్డూలు ఉండగా ఈ చాక్లెట్ ఏంటి?

వంటల బాధ్యురాలు: బాబాయ్, నువ్వుల లడ్డూలు ఎక్కడికీ పోవు, భోజనాల్లో ఉన్నాయి. పైగా ఇక్కడ ప్రతి మరాఠీ ఇంటి నుంచీ "తిళ్‌గూళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" (నువ్వులు బెల్లం తీసుకోండి, తియ్యగా మాట్లాడండి) అంటూ మనకి నువ్వుల ఉండలు వస్తూనే ఉంటాయి. మనం తిరిగి వాళ్లకి అవే ఇస్తే ఏం బాగుంటుంది? వాళ్ల ఊళ్ల సంత్రాతో మనం చేసిందే ఇద్దాం.

మహిళా విభాగం: ఒక మాట. హల్దీ కుంకుమ్, అంటే మరాఠీ ముత్తయిదువుల పేరంటం కూడా అదే రోజు ఉంది, పక్కింటి మరాఠీ ఆడవాళ్లు వస్తారు. ఈ డబ్బా పసుపు కుంకుమల పళ్లెంలో వాణ్‌గా (పేరంటం కానుకగా) మాత్రం పెట్టకండి. అలా పెడితే భర్త పోయిన అత్తయ్యలు ఒక మూల కూర్చుండిపోతారు, వాళ్ల చేతికి డబ్బా రాదు. గేటు దగ్గరే, వచ్చిన ప్రతి కుటుంబానికీ చేతికివ్వాలి. దీని మీద నాకు చర్చ అక్కర్లేదు.

వంటల బాధ్యురాలు: నాదీ అదే మాట. గేటు దగ్గరే.

ఇక పని గురించి, కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికతో చదవండి. గురువారం సాయంత్రం పిల్లల డాన్స్ రిహార్సల్ ఉంది. సంత్రా పండ్లు అప్పుడు వాళ్లకి పెట్టేద్దాం, తొక్కలు మాత్రం మనకి. ఒలిచే ముందే ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లలో తోమి కడగాలి, తొక్క మీద మందుల మైల, మెరుపు కోసం పూసిన మైనం ఉంటాయి కాబట్టి. ఒలిచిన తొక్కల్ని చల్లని నీళ్లలో వేసి, మరిగాక అయిదు నిమిషాలు ఉంచి ఆ నీళ్లు పారబోయాలి. ఇలా మూడుసార్లు. రెండోసారికే చేదు పోయినట్టు అనిపిస్తుంది, నమ్మకండి, మూడోసారీ చెయ్యండి. తర్వాత కొలతకి కొలత చక్కెర, నీళ్లు కలిపి తొక్కలు వేసి సన్న మంట మీద ముప్పావు గంట దాకా. తొక్క గుండా వెలుతురు కనపడాలి, గాజు ముక్కలా అవ్వాలి. మధ్యలో గరిటెతో తెగ తిప్పకూడదు, చక్కెర గడ్డకడుతుంది. రెండు చుక్కల నిమ్మరసం వేస్తే ఆ బెడద తగ్గుతుంది. దించి జాలీ మీద పరిచి శుక్రవారం అంతా ఆరనివ్వాలి. ముట్టుకుంటే వేలికి అంటకూడదు. మిగిలిన పాకం పారబోస్తే ఊరుకోను, ఆదివారం నిమ్మ షర్బత్‌లోకి పనికొస్తుంది.

ఉసిరి మాత్రం ఎండు క్యాండీ కొనేద్దాం. మీద చక్కెర పొడి ఉంటే దులిపేసి ముంచాలి, లేకపోతే చాక్లెట్ పట్టదు.

కోశాధికారి: ఎంత చాక్లెట్? ఖరీదైనదా, మామూలుదా? బిల్లు నేనే చూసుకోవాలి కదా, ముందే చెప్పండి.

వంటల బాధ్యురాలు: సగం ముంచితే ముక్కకి మూడు నాలుగు గ్రాములు పడుతుంది. 900 ముక్కలకి మూడున్నర కిలోలు పెట్టుకోండి. డార్క్ కాంపౌండ్ చాలు. అసలైన కోకో వెన్న ఉన్న చాక్లెట్ అయితే రుచి ఎక్కువే, కానీ దాన్ని ముందు 45 డిగ్రీల దాకా కరిగించి, 27కి చల్లార్చి, మళ్లీ 31కి తేవాలి. అలా చెయ్యకపోతే సరిగా గట్టిపడదు, మీద తెల్ల చారలు తేలతాయి. పది చేతులు పడే వంటింట్లో ఆ టెన్షన్ మనకొద్దు. కాంపౌండ్‌లో కోకో వెన్నకి బదులు వేరే కొవ్వు ఉంటుంది, కరిగించి ముంచితే దానంతటదే గట్టిపడుతుంది. పాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడండి.

యువ విభాగం: మా ఇంట్లో మైక్రోవేవ్ ఉంది, తేనా?

వంటల బాధ్యురాలు: వద్దు, గంజులో నీళ్లు వేడిచేసి పైన గిన్నె పెడితే సరిపోతుంది. గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు. మూతలు, తడి గరిటెలు దగ్గరికి రానివ్వొద్దు. ఒక్క నీటి బొట్టు పడినా చాక్లెట్ ఇసుకలా ముద్ద కడుతుంది. కడితే పారెయ్యకండి, వేడి పాలలో కలిపి మనమే తాగేద్దాం.

మహిళా విభాగం: ముంచాక ఫ్రిజ్‌లో పెట్టెయ్యొచ్చా?

వంటల బాధ్యురాలు: పెట్టొద్దు వదినా. ఫ్రిజ్ నుంచి తీయగానే మీద చెమ్మ పట్టి, ఆరాక తెల్లగా మచ్చలు పడతాయి, బూజేమో అనుకుంటారు. మే నెలైతే మన చంద్రపూర్ ఎండకి ఫ్రిజ్ తప్ప వేరే దారి లేదు గానీ, జనవరి రాత్రులకి హాలు చల్లదనమే సరిపోతుంది. బటర్ పేపర్ మీద వరసగా పెట్టి ఫ్యాన్ వెయ్యండి.

కాగజ్‌నగర్ నుంచి వచ్చేవారు: మా పాపకి భోగి పళ్లలో రేగు పళ్లతో పాటు ఇవీ నాలుగు వెయ్యొచ్చా?

వంటల బాధ్యురాలు: జుట్టుకి చాక్లెట్ అంటితే కడిగేది మీరే! నెత్తిన రేగు పళ్లు, పూలు, చిల్లరే పొయ్యండి. ఇంకో సంగతి, ఈ తొక్క నమలడానికి గట్టిగా ఉంటుంది, నాలుగేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకండి. గేటు దగ్గర ఉండేవాళ్లు ఈ మాట తల్లులకి చెప్పాలి.

కోశాధికారి: డబ్బాలు, బటర్ పేపర్, చాక్లెట్ నేను తెస్తా. శనివారం సాయంత్రం ముంచడానికి ఎనిమిది మంది కావాలి. గనిలో, పేపర్ మిల్లులో రెండో షిఫ్టు ఉన్నవాళ్లు పేర్లు ఇవ్వకండి, మధ్యలో వెళ్లిపోతే కష్టం.

పెద్దలలో ఒకరు: నేను వస్తాను. ముంచడం రాదు, డబ్బాలకి రిబ్బన్ కడతాను.

యువ విభాగం: మేం నలుగురం. స్ట్రాబెర్రీ మాట మర్చిపోకండి అక్కా.

వంటల బాధ్యురాలు: బాబాయ్‌తో కలిపి అయిదుగురయ్యారు. ఇంకా ముగ్గురు కావాలి, బుధవారం లోపు చెప్పండి. అందరూ ఇంటి నుంచి ఒక పొడి తువ్వాలు తెచ్చుకోండి.