ఐ.వి.పి. పరీక్షకు ముందు మంచినీళ్లు కూడా మానాలా?

కొబ్బరితోట:
మా నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు, షుగరు ఉంది. ఎడమ కిడ్నీలో రాయి వల్ల మూత్రం దిగడంలో అడ్డంకి ఉందేమో చూడాలని ఐ.వి.పి. (నరానికి అయోడిన్ డై ఎక్కించి, అది కిడ్నీల గుండా మూత్రంలోకి దిగుతుండగా తీసే ఎక్స్‌రేలు) రాశారు. స్కానింగ్ సెంటరు వారిచ్చిన చీటీలో రాత్రి తొమ్మిది దాటాక మంచినీళ్లు కూడా తాగరాదని, పడుకునే ముందు విరేచనాల మాత్రలు వేసుకోవాలని, షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలని ఉంది. పరీక్ష మరునాడు పదకొండు గంటలకు. ఈ ఎండల్లో అంతసేపు నీళ్లు లేకుండా ఉంచడం సరైనదేనా? డై ఎక్కించేటప్పుడు నీళ్లు బాగా తాగాలని మా బంధువు ఒకాయన అంటున్నారు.

ఎక్స్‌రేగది:
చీటీని తప్పుపట్టే ముందు దాని వెనకున్న కారణం చూడండి. పేగుల్లో గాలి, మలం నిండి ఉంటే మూత్రనాళంలోని చిన్న రాయి ఫిల్ములో కనిపించదు. అప్పుడు మళ్లీ ఫిల్ములు తీయాలి, ఒక్కోసారి పరీక్షే మళ్లీ చేయాలి. ఇక కడుపు నిండుగా ఉన్న మనిషి డై ఎక్కుతుండగా బల్ల మీద వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి కిడ్నీ నీడ స్పష్టంగా వస్తుందని మా పెద్దలు నేర్పారు.

నిదానం:
ఎక్స్‌రేగది గారూ, పేగుల సంగతిలో మీతో నాకు పేచీ లేదు. నీళ్ల దగ్గరే ఒప్పుకోలేను. మీ పెద్దలు ఆ మాట నేర్పినప్పుడు వాడిన అయోడిన్ మందుల ద్రవాభిసరణ శక్తి (చుట్టూ ఉన్న నీటిని తనవైపు లాగే గుణం) రక్తానికి ఐదు రెట్లకు పైగా ఉండేది. వాంతులు, ఒళ్లంతా వేడెక్కడం అప్పట్లో చాలా ఎక్కువ. ఇప్పుడు వాడుతున్న అయోహెక్సాల్ వంటి మందుల్లో ఆ శక్తి రక్తానికి రెండు మూడు రెట్లే కాబట్టి వాంతులు బాగా తగ్గాయి, దాహంతో ఉంచకపోయినా బొమ్మ చక్కగానే వస్తోంది. నరానికి డై ఎక్కించే ముందు ఉపవాసం అవసరం లేదని అమెరికా రేడియాలజీ కళాశాల, యూరప్ మూత్ర రేడియాలజీ సంఘం మార్గదర్శకాలు రెండూ చెబుతున్నాయి. షుగరు వల్ల కిడ్నీలు ఇప్పటికే నలిగి ఉండగల వృద్ధుణ్ణి విరేచనాలతో, ఎండతో, నిర్జలంతో మూడు వైపులా ఎండబెట్టి, ఆపైన ఆ కిడ్నీల గుండానే డై వడకట్టించడం జాగ్రత్త ఎలా అవుతుంది? నాన్నగారు షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే ఖాళీ కడుపుతో షుగరు పడిపోయే ప్రమాదం వేరే ఉంది. ఆ మోతాదు ఎలా మార్చాలో ముందే వైద్యుణ్ణి అడగాలి.

పాతచీటీ:
నీళ్లకు మీరు మరీ ఎక్కువ విలువ ఇస్తున్నారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం ‘అమేసింగ్’లో 660 మందిని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకే సెలైన్ ఎక్కించారు. ఎక్కించని జట్టుకు అదనపు నష్టమేమీ తేలలేదు.

నిదానం:
ఆ అధ్యయనం చెప్పింది సెలైన్ ఎక్కించనక్కరలేదని. ఎవరినీ దాహంతో ఎండబెట్టి చూసిన అధ్యయనం కాదది. పైగా అందులో ఉన్నవారందరి ఇ.జి.ఎఫ్.ఆర్. (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె, తగ్గితే పనితీరు తగ్గినట్టు) 30 నుంచి 59 మధ్యది, 30 కంటే తక్కువున్నవారికి అది వర్తించదు. కనుక ముందు చూడవలసింది రక్తంలో క్రియాటినిన్, ఆ అంకెను లెక్కగట్టేది దాని నుంచే. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు బాగా ముదిరేదాకా కాళ్ల వాపు కూడా లేనివారు ఎందరో ఉన్నారు. ఒంట్లో బాగానే ఉందన్న మాట మీద డై ఎక్కించకూడదు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి, గతంలో డై పడక దద్దుర్లు వచ్చి ఉంటే తప్పకుండా చెప్పాలి. రొయ్యలు పడనివారికి అయోడిన్ డై కూడా పడదన్న మాట మాత్రం సరికాదు: రొయ్యలు పడకపోవడానికి కారణం వాటిలోని మాంసకృత్తి, అయోడిన్ కాదు.

కొబ్బరితోట:
మెట్‌ఫార్మిన్ మాటేమిటి?

నిదానం:
ఇక్కడ పెద్దలే ఏకీభవించరు. ఇ.జి.ఎఫ్.ఆర్. 30 నుంచి 60 మధ్య ఉంటే డై సమయానికి గానీ అంతకు ముందు గానీ ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పనితీరు చూసి మళ్లీ మొదలుపెట్టాలని 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. అక్కడి రేడియాలజీ కళాశాల మాత్రం 30కి పైన ఉండి, కిడ్నీకి హఠాత్తు దెబ్బ ఏదీ లేకపోతే, నరానికి ఎక్కించే డై కోసం ఆపనక్కరలేదంటుంది. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు. కిడ్నీ దెబ్బతింటే అది బయటికి పోక ఒంట్లో పేరుకుని రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుందన్నదే భయం. మీ రిపోర్టు చూసి వైద్యుడే తేల్చాలి.

ఎక్స్‌రేగది:
గుండె బలహీనమైనవారికి, డయాలిసిస్ మీద ఉన్నవారికి నీళ్ల కొలత ఉంటుంది. “బాగా తాగండి” అని అందరికీ రాస్తే వారు మునుగుతారు. పరీక్షకు కొన్ని గంటల ముందు నుంచి ఘనాహారం మానాలన్న నియమం కూడా నేను వదలను. అయితే నీళ్లను నిషేధించే వాక్యం కొట్టేయవచ్చునని ఒప్పుకుంటాను. విరేచనాల మాత్రలు మాత్రం ఉండవలసిందే.

నిదానం:
ఆ వృద్ధుడికి అవి కూడా వైద్యుణ్ణి అడిగాకే ఇవ్వాలంటాను. కొబ్బరితోట గారూ, పరీక్ష పొద్దున్నే పెట్టమని అడగండి. అసలు చూడవలసింది రాయి ఒక్కటే అయితే డై లేని సి.టి. సరిపోతుందేమో కూడా మీ యూరాలజిస్టును అడగండి. కిడ్నీ ఎంత పనిచేస్తోందో తేల్చాలంటే డి.టి.పి.ఎ. స్కాన్ ఉంది, అందులో అయోడిన్ ఉండదు, దానికి నీళ్లు తాగి రమ్మనే చెబుతారు.