రీజనల్ ఎయిర్‌లైన్‌లో క్లాస్ తేదీ వచ్చింది: ఎంబ్రాయర్ అడగాలా, సీఆర్‌జే అడగాలా?

ప్రశ్న: ఇర్వింగ్ వాసి

నమస్కారమండీ. టెక్సస్‌లో మూడేళ్లు విమాన శిక్షకుడిగా పనిచేసి 1,500 ఎగిరే గంటలు పూర్తి చేసుకున్నాను. ఒక అమెరికన్ రీజనల్ ఎయిర్‌లైన్‌లో (పెద్ద సంస్థల తరఫున చిన్న విమానాలు నడిపేది) ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా ఎంపికయ్యాను, కొత్తవారి శిక్షణ క్లాస్ వచ్చే నెల మొదటి వారంలో మొదలవుతుంది. ఆ సంస్థ ఎంబ్రాయర్ 175 విమానాలను డల్లాస్ నుంచి, సీఆర్‌జే 900 విమానాలను షికాగో నుంచి నడుపుతోంది. మా ఇల్లు డల్లాస్ విమానాశ్రయానికి పావుగంట దూరంలో ఉంది, పాపకు ఇంకా ఏడాది నిండలేదు కనుక సహజంగానే మనసు ఎంబ్రాయర్ వైపు లాగుతోంది. అయితే డల్లాస్ కోసం అందరూ ఎగబడతారని, అక్కడ చేరితే ఏళ్ల తరబడి రిజర్వ్‌లోనే, అంటే సొంత షెడ్యూలు లేక పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతానని ఒక మిత్రుడు హెచ్చరించాడు. విమానాన్ని బట్టి సీనియారిటీ సంఖ్య (పైలట్ల జాబితాలో నా వరుస) మారుతుందా?

మరొక చిక్కు కూడా ఉంది. మా చెల్లెలి పెళ్లి గుంటూరులో, సరిగ్గా క్లాస్ మూడో వారంలో పడింది. కావాలంటే రెండు వారాల తర్వాతి క్లాసుకు మారవచ్చని రిక్రూటర్ మర్యాదగానే చెప్పారు. పెద్దవాళ్లు మాత్రం, రెండు వారాల్లో కొంప మునిగేదేముంది అంటున్నారు.

సమాధానం 1: ఎడమ సీటు

ముందుగా రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే మీరు దాన్ని చిన్నదిగా అనుకుంటున్నారు. సాధారణంగా సీనియారిటీ క్లాస్ మొదటి రోజు నుంచే లెక్కకు వస్తుంది. రెండు వారాలు ఆగితే ఈ క్లాసులోని వారందరూ, తర్వాతి క్లాసులో మీకంటే పై సంఖ్య వచ్చినవారూ మీరు ఆ సంస్థలో ఉన్నంతకాలం మీకు ముందే ఉంటారు. వచ్చే ఏడాది సంక్రాంతికి సెలవు అడిగినా, కెప్టెన్ సీటుకు బిడ్ (కోరుకుంటూ దరఖాస్తు) వేసినా, బేస్ (పైలట్ల డ్యూటీ మొదలయ్యే ఊరు) మూతపడి ఎవరు ఎక్కడికి పోవాలో తేలవలసివచ్చినా, ఆ వరుసే మాట్లాడుతుంది. పెళ్లిని తక్కువ చేసి చెప్పడం లేదు, ఆ రెండు వారాల ధర ఎంతో తెలిసి నిర్ణయించుకోండి అంటున్నాను.

ఇక విమానం సంగతి. విమానాన్ని బట్టి సంఖ్య మారదు, సంస్థ మొత్తానికి జాబితా ఒక్కటే. ఒకే క్లాసులో చేరినవారి మధ్య వరుసను కొన్ని సంస్థలు వయసును బట్టి పెద్దవారు ముందుగా, కొన్ని సోషల్ సెక్యూరిటీ సంఖ్యలోని చివరి నాలుగు అంకెలను బట్టి, కొన్ని చీటీలు తీసి నిర్ణయిస్తాయి. మీ సంస్థలో ఏ పద్ధతో ముందే అడగండి. సాధారణంగా విమానాలనూ బేస్‌లనూ అదే వరుసలో పంచుతారు కనుక, వయసు లెక్కయితే మీరు కోరుకున్నది మిగలకపోవచ్చు కూడా.

కానీ మీరు ప్రతి నెలా బతికేది ఆ పెద్ద జాబితాలో కాదు, మీ బేస్‌లో మీ విమానంపై మీ సీటులో ఉన్న చిన్న జాబితాలో. మొత్తం జాబితాలో 1,900వ స్థానం దగ్గర్లో ఉన్న ఇద్దరిలో, షికాగోలో ఉన్న ఒకడు 110 మందిలో 70వ వాడై షెడ్యూలు ముందే చేతికందే లైన్ హోల్డర్ కావచ్చు, డల్లాస్‌లో ఉన్న రెండోవాడు 90 మందిలో 88వ వాడై ఫోన్ పక్కన పెట్టుకుని రిజర్వ్‌లో కూర్చోవచ్చు. గత నెల బిడ్ ఫలితాలు ఎవరిదగ్గరైనా సంపాదించి, రెండు బేస్‌లలోనూ లైన్ దక్కిన ఫస్ట్ ఆఫీసర్లలో అందరికంటే జూనియర్ ఎవరో, అతని క్లాస్ తేదీ ఏమిటో చూడండి. ఆ ఒక్క తేదీలో మీకు కావలసినది చాలావరకు దొరుకుతుంది.

సమాధానం 2: కుడి సీటులో మూడేళ్లు

పైన చెప్పినది అక్షరాలా నిజం. మీలాగే నేనూ ఇంటి దగ్గరి బేస్ అని సంబరపడి, అప్పుడే కొత్తగా తెరిచిన ఒక చిన్న బేస్‌ను ఎంచుకున్నాను. సంస్థ పేరు చెప్పను. రిజర్వ్‌లో ఉన్నా నెలకు 75 గంటల జీతం గ్యారంటీగా వచ్చింది, రానిదల్లా ఎగిరే గంటలే. ఫెడరల్ నిబంధన ప్రకారం ఇద్దరు పైలట్లలో కనీసం ఒకరికైనా ఆ రకం విమానంలో 75 గంటల లైన్ అనుభవం, అంటే సిమ్యులేటర్‌లో కాక నిజమైన సర్వీసుల్లో ఎగిరిన అనుభవం ఉండాలి. మా బేస్‌లో కెప్టెన్లు కూడా ఆ విమానానికి కొత్తవారే కావడంతో నన్ను వారితో జత చేయడానికి వీలయ్యేది కాదు, ట్రిప్పులు ఇతర బేస్‌ల వారికి వెళ్లిపోయేవి.

పైగా, సిమ్యులేటర్ చెక్ పాసైన తర్వాత 120 రోజుల్లో లైన్ మీద 100 గంటలు పూర్తి చేయాలి. 104వ రోజు రాత్రి వంటింటి బల్ల దగ్గర లాగ్‌బుక్ తెరిచి కూడితే 68 వచ్చింది. ఎక్కడో తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ కూడి చూశాను, అప్పుడూ 68 వచ్చింది. గడువును 150 రోజుల వరకు పొడిగించుకోవడానికి మళ్లీ శిక్షణకు వెళ్లవలసివచ్చింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. కెప్టెన్ కావాలంటే ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా 1,000 గంటలు ఉండాలి కదా. నాతోపాటు చేరి, ఎవరికీ అక్కరలేని బేస్‌కు వెళ్లిన మిత్రుడు నెలకు 70 గంటల చొప్పున ఎగిరి పదిహేను నెలల్లో వాటిని పూర్తి చేశాడు. నాకు ఇరవై ఎనిమిది నెలలు పట్టింది. జాబితాలో అతనికంటే నేనే నాలుగు స్థానాలు పైన ఉన్నాను, అయినా నా వంతు వచ్చేనాటికి గంటలు లేక ఆ సంఖ్య పనికి రాలేదు.

సమాధానం 3: యూనియన్ పనులు చూసేవాడు

ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ఎవరికీ అక్కరలేని బేస్ అంటే కొందరు యాభై సీట్ల పాత సీఆర్‌జే 200 కూడా తీసుకుంటారు, దాన్ని మాత్రం ఆలోచించి తీసుకోవాలి. పాత విమానాలను సేవ నుంచి తొలగించేటప్పుడు డిస్‌ప్లేస్‌మెంట్ (ఉన్న సీటు నుంచి కదిలించే) జాబితాలో మొదట కదిలేది అడుగున ఉన్నవారే. మీ ముందున్న రెండింటికీ ఆ భయం తక్కువ. పెద్ద ఎయిర్‌లైన్ల పైలట్ ఒప్పందాలు రీజనల్ విమానాలను సాధారణంగా 76 సీట్లకు, 86,000 పౌండ్ల టేకాఫ్ బరువుకు పరిమితం చేశాయి, ఈ రెండూ ఆ కొలతల్లో ఇమిడేవే.

నేను చూడమనేది సీట్ లాక్. ఒక విమానంపై శిక్షణ పొందాక మరో రకానికి బిడ్ వేయడానికి ఎంతకాలం ఆగాలో మీ ఒప్పందంలో రాసి ఉంటుంది. బేస్ మార్పుకు అది అడ్డు వస్తుందా రాదా అన్నది వేరే విషయం, మీ విషయంలో డల్లాస్ రావాలంటే విమానమే మారాలి కనుక రెండూ ఒకటే అవుతాయి. లాక్ ఏడాది అయితే షికాగో భరించవచ్చు. రెండేళ్లయితే, పసిపాపను ఇంట్లో వదిలి జంప్‌సీట్ (కాక్‌పిట్‌లోని అదనపు సీటు) దొరుకుతుందో లేదో తెలియక జనవరి మంచులో డల్లాస్‌కూ షికాగోకూ తిరుగుతూ, ఎనిమిది మంది ఉండే క్రాష్‌ప్యాడ్‌లో (పైలట్లు పంచుకునే అద్దె బసలో) నిద్రపోవడం ఎలా ఉంటుందో మీ ఆవిడతో కూడా మాట్లాడండి. గంటల లెక్క అన్ని ఇళ్లలోనూ ఒకేలా ఉండదు.

ఇర్వింగ్ వాసి

అందరికీ ధన్యవాదాలు. క్లాస్ మార్చుకోనని రిక్రూటర్‌కు ఈ ఉదయమే రాశాను, నాన్నగారు రెండు రోజులుగా నాతో ముభావంగా ఉన్నారు. వరుస వయసును బట్టేనట, ఇరవై ఆరేళ్లకు దాదాపు అట్టడుగే. సీట్ లాక్ పన్నెండు నెలలు. డల్లాస్‌లో ఎంబ్రాయర్ లైన్ దక్కిన చివరి ఫస్ట్ ఆఫీసర్ చేరి ఇరవై నెలలైంది, షికాగో సీఆర్‌జేలో ఐదు నెలలే. కాబట్టి విమానం ఎంపిక కాగితంపై సీఆర్‌జేనే మొదట రాస్తున్నాను. షికాగోలో మిడ్‌వే విమానాశ్రయం వైపు కాకుండా ఓహేర్ విమానాశ్రయానికి దగ్గరగా క్రాష్‌ప్యాడ్ ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.