అలుగుటయెనా, అలుగుటయేనా: ఒక కత్తికి పేరు కావాలి

కొలిమి (నల్లగొండ): అందరికీ నమస్కారం. సెలవు రోజుల్లో ఇంటి వెనక రేకుల షెడ్డులో కత్తులు చేస్తుంటాను. ఈసారి లారీ కమాన్ కట్ట నుంచి ఒకటి తీశాను. అలుగు, అంటే పిడి కాకుండా కోసే భాగం, 5 అంగుళాలు, మందం 5 మిల్లీమీటర్లు, పిడి చివరిదాకా ఒకే ఉక్కు, అటూ ఇటూ తుమ్మ చెక్క. టాక్టికల్ నైఫ్ అంటారే, సైనికులూ అడవుల్లో తిరిగేవాళ్లూ మొలకు కట్టుకునేది, ఆ రకం. దీనికో పేరు పెట్టి అలుగు మీద దించాలి. నల్లత్రాచు, పులిపంజా లాంటివి వద్దు. మూడక్షరాలు దాటితే చోటు చాలదు. ఉలితో చెక్కేది కాదు: స్టెన్సిల్ అంటించి, ఉప్పునీళ్లలో ముంచిన దూదితో, 9 వోల్టుల బ్యాటరీ పెట్టి అచ్చు దించుతాను. వత్తులుంటే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

"అలుగు" అనుకుంటున్నాను. మా తాత పొలం నుంచి వస్తూ పాడే పద్యం ఒకటుంది: "అలుగుటయె యెరుంగని..." ఆ తర్వాత సాగరాలు ఏకమవుతాయని వస్తుంది. ఆ అలుగుకూ కత్తి అలుగుకూ ఏమైనా చుట్టరికం ఉందా?

గణగణ (వనపర్తి): పేరు సంగతి తర్వాత. ముందు పద్యం సరిచేసుకోండి. "అలుగుటయె" కాదు, "అలుగుటయే".

నిఘంటువు పురుగు: మొదలైంది. అచ్చులో చాలాచోట్ల "టయె" అనే చూశాను. వాళ్ల తాతగారు తప్పు పాడలేదు.

గణగణ: అచ్చేసినవాళ్లు గణాలు చూసుకోరు కదా. చంపకమాల. నజభజజజర. అలుగు, మూడూ లఘువులు, న-గణం. టయేయె, జ-గణం, నడుమ అక్షరం గురువు కావాల్సిందే. మీ హ్రస్వం పెడితే అక్కడ కూడా న-గణమే వస్తుంది, పద్యం రెండో అడుగులోనే కుంటుతుంది. తాతగారు పాడేటప్పుడు తప్పకుండా దీర్ఘమే తీసి ఉంటారు, మనవడు రాసేటప్పుడు కుదించాడు.

కొలిమి: నిజమే సార్. ఆయన ఆ "యే" దగ్గర గట్టు దిగేదాకా లాగేవాడు. నా ప్రశ్న మాత్రం కత్తి గురించి.

నిఘంటువు పురుగు: రెండు వేర్వేరు మాటలండీ. క్రియ అలుగు, కోపగించుకోవడం. నామవాచకం అలుగు, ఆయుధం వాయి, బాణం మొన. తమిళంలో అలకు అంటే కత్తి వాయే, పక్షి ముక్కు కూడా. మన అలుగు దానికి తోబుట్టువు. కోపానికీ దీనికీ ముడిపెట్టకండి.

చెరువుకట్ట (నల్లగొండ): మూడోది మరిచిపోయారు. మనిషి ఉదయసముద్రం పక్క ఊళ్లో కూర్చుని అలుగంటే కత్తి అంటున్నాడు! పానగల్లు చెరువు నిండితే అలుగు పారిందని ఊరంతా చూడటానికి పోయేవాళ్లం. నల్లగొండలో ఎవరినైనా అడగండి, అలుగంటే నీళ్లే. ఆ కత్తి మీద ఈ పేరు చూసినవాడు చేపలు కోసుకునేదనుకుంటాడు. నన్నడిగితే మూడూ ఒకటే. నిండుకుండలా ఉన్న చెరువు ఇక పట్టలేక కట్ట దాటడమే అలగడం. పద్యంలో సాగరాలు ఊరికే రాలేదు.

నిఘంటువు పురుగు: వినడానికి బాగుంది. వినడానికి బాగుండే వ్యుత్పత్తులను చూస్తేనే నాకు భయం.

గణగణ: అన్నట్టు మా సరళాసాగర్‌కు సైఫన్లు. నీటిమట్టం పెరగగానే వాటంతట అవే పారతాయి.

చెరువుకట్ట: అంటే మీ చెరువు అలగదు, ముక్కు చీదుతుంది.

అచ్చంపేట బాటసారి: నాలుగోది కూడా ఉంది. ఒళ్లంతా పొలుసులుండే జంతువు అలుగు. మా అమ్రాబాద్ అడవుల వైపు ఆ మాట వినగానే ముందు అదే గుర్తొస్తుంది. ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంటుంది. ఎవరినీ కరవదు, పళ్లే ఉండవు. కత్తికి ఈ పేరు పెడతారా?

బంతిపువ్వు (దేవరకొండ): మీరంతా అలుగును వదిలేసి నిఘంటువును పట్టుకున్నారు. అలగడం అంటే కోపం ఒక్కటే కాదు. పగవాడి మీద ఎవరూ అలగరు, మండిపడతారు. అలిగేది మనవాళ్ల మీద: అల్లుడు అలకపాన్పు మీద, పిల్లవాడు అన్నం దగ్గర, సత్యభామ కృష్ణుడి మీద. మొలకున్న కత్తిని అలుగు అని పిలిస్తే నాకు స్కూటర్ అడుగుతున్న కొత్తల్లుడే కనిపిస్తాడు తమ్ముడూ.

గణగణ: అమ్మా, మీరన్నదాంట్లోనే పద్యం పట్టు ఉంది. ధర్మరాజు అలగాల్సింది సొంత పెదనాన్న కొడుకుల మీదే. కోపించిన నాడు అనడానికి కవులకు మాట దొరక్క కాదు. అయినవాళ్ల మీద ఇన్నాళ్లూ అలగనివాడు అలిగితే, అని కృష్ణుడు కొలువులో చెప్తున్నాడు. బెదిరింపు ఆ చిన్న మాటలోనే ఉంది.

బంతిపువ్వు: ఇది ఒప్పుకుంటాను. దీర్ఘం గొడవ కంటే ఇది మేలు.

చెరువుకట్ట: అంతా బాగానే ఉంది. గోదావరి ఒడ్డు జంటకవుల పద్యం తెచ్చి నల్లగొండ కత్తికి కట్టడమెందుకు? పక్కనే రాచకొండ ఉంది, దేవరకొండ ఉంది.

గణగణ: తిరుపతి వేంకట కవులను పరాయివాళ్లంటే గద్వాల కోట నవ్వుతుంది. గద్వాలకూ ఆత్మకూరుకూ వచ్చి అవధానాలు చేసి సత్కారాలు అందుకుని వెళ్లినవాళ్లు. ఇద్దరూ మీసాలు పెంచింది ఎందుకో తెలుసు కదా? సంస్కృతంలోనూ తెలుగులోనూ మేమే కవులమని, కాదన్నవాడు గెలిచి చూపిస్తే తీసేస్తామని. "దోసమటం చెరింగియును" అని ఎత్తుకుంటే చాలు, మా ఇంట్లో మా నాన్న మిగతా మూడు పాదాలూ లేచి నిలబడి చదివేవాడు. పాండవోద్యోగ విజయాల పద్యాలు చదువురాని నోళ్లలో కూడా ఆడాయి. కొలిమి గారి తాత సంగతి చూడండి. ఏ ఒడ్డు కవి అని ఆయన అడిగాడా?

చెరువుకట్ట: మీసం అని పెట్టండి కత్తికి. మూడక్షరాల లోపే.

అమరం చదివినవాడు: ఇంత సేపూ ఒక్కరూ అసలు పదాలకు రాలేదు. "స్యాచ్ఛస్త్రీ చాసిపుత్రీ చ ఛురికా చాసిధేనుకా". పొట్టి కత్తికి అమరసింహుడు అమరకోశంలో ఇచ్చిన పేర్లు నాలుగు. అసి అంటే కత్తి, దాని కూతురు అసిపుత్రి. పేరంటే అదీ.

బంతిపువ్వు: కూతురు సరే. ధేనువు ఎందుకొచ్చింది? పాలిచ్చే కత్తా?

అమరం చదివినవాడు: సమాసం చివర ధేనువు వస్తే ఆడది అనో, చిన్నది అనో అర్థం. ఖడ్గధేనువు అన్నా చిన్న కత్తే.

నిఘంటువు పురుగు: ఖడ్గధేనువుకు ఆడ ఖడ్గమృగం అనే అర్థం కూడా ఉంది. పళ్లు లేని అలుగు ఒక పక్క, కొమ్మున్న మృగం మరో పక్క. కొలిమి గారు కత్తి చేశారో, జంతు ప్రదర్శనశాల తెరిచారో!

కొలిమి: అసిధేనువు అయిదక్షరాలు సార్. ఛురికలో "ఛ" కింద ఉన్న వత్తు గీత నా స్టెన్సిల్‌లో నిలవదు.

నిఘంటువు పురుగు: అయితే దాని తద్భవం తీసుకోండి, సురియ. మూడే అక్షరాలు, వత్తు లేదు, పక్కా తెలుగు పలుకుబడి. చురకత్తిలో చుర ఉన్నదీ ఆ ఇంటి మాటే.

చెరువుకట్ట: చురకత్తి చురుకు నుంచి వచ్చిందనుకునేవాణ్ని. తగిలితే చురుక్కుమంటుంది కదా.

నిఘంటువు పురుగు: మళ్లీ అదే. వినడానికి బాగుంది.

బంతిపువ్వు: సురియ అని చెక్కితే సగం మంది సూర్య అనుకుంటారు, అక్షరం తప్పు రాశారని జాలిపడతారు. నా ఓటు "వాదర"కు. కత్తి అంచుకు అంత చక్కటి మాట ఉండగా ఈ గొడవంతా ఎందుకు?

అమరం చదివినవాడు: వాదరలో దర ధార నుంచే వచ్చింది. వాయి, ధార.

నిఘంటువు పురుగు: అక్కడ మీకు ఒక ధ-కారం బాకీ. ఎక్కడ పోయిందో చెప్పి కదలండి.

(ఈ ధ-కారం మీద పదిహేడు జవాబులు. తెరవాలంటే ఓపిక కావాలి.)

కొలిమి: అందరికీ ధన్యవాదాలు. మీరు ధ-కారం దగ్గర ఉండగానే నేను అచ్చు దించేశాను. అలుగే పెట్టాను. తాత పాడిన మాట కదా, మనసు ఒప్పలేదు. కాకపోతే చిన్న పొరపాటు జరిగింది. తెలుగు అక్షరాల్లో సున్నలు ఎక్కువ, స్టెన్సిల్ కోసేటప్పుడు నడిమి ముక్కలు రాలిపోతాయి. వాటిని జాగ్రత్తగా అంటించాను గానీ, "లు" కొమ్ము దగ్గర టేపు లేచినట్టుంది, ఉప్పునీళ్లు కిందికి పోయి మచ్చ పడింది. రుద్ది తీసేసరికి కొమ్ము కూడా పోయింది. ఇప్పుడు కత్తి మీద "అలగు" అని ఉంది. మళ్లీ సానపట్టి మొదటి నుంచి దించాలా?

నిఘంటువు పురుగు: కత్తి వాయికి అలగు అనే రూపం నేనెక్కడా చూడలేదు. తమిళ అలకుకు మాత్రం ఇదే దగ్గర. ఉంచండి.

బంతిపువ్వు: అలగడం అని అందరం అంటూనే ఉన్నాం. ఉంచు తమ్ముడూ.

గణగణ: అలగు. మూడు లఘువులే, న-గణమే. పద్యానికి ఢోకా లేదు. "యే" మాత్రం దీర్ఘం.