సైనస్ తలనొప్పికి ఆవిరి పట్టాలా, ఉప్పునీటితో ముక్కు కడగాలా?

మబ్బుతునక:
జలుబు దాదాపు తగ్గింది. నొప్పి మాత్రం నొసటి మీద, బుగ్గ ఎముకల మీద తిష్ఠ వేసింది. చెప్పులు వేసుకుందామని వంగితే కళ్ళ వెనక ఉన్న బరువంతా ఒక్కసారిగా ముందుకు వస్తుంది. అత్తయ్య ఆవిరి పట్టమంటారు. అక్క ఉప్పునీటితో ముక్కు కడుక్కోమంటుంది, ఆవిరి వల్ల ఒరిగేదేమీ లేదంటుంది. ఇంట్లో చేసుకోదగ్గ వాటిలో నిజంగా పనికొచ్చేది ఏది?

వేకువ:
ఆవిరే, సందేహం వద్దు. ముక్కు లోపలి పొర వాచి, ముఖం ఎముకల్లో ఉండే సైనస్ అనే గాలి గదుల నుంచి బయటికి వచ్చే సన్నని దారులు మూసుకుపోతాయి. ఆ బరువు అందువల్లే. వెచ్చని తేమ తగిలితే చిక్కబడ్డ చీమిడి పలచనవుతుంది, ముక్కు చీదగానే తల తేలికపడుతుంది. ఖర్చు లేదు, మందు లేదు.

గీతరాత:
వేకువ గారూ, తేలికపడే మాట నిజమే. అది ఎంతసేపు నిలుస్తుందన్నదే ప్రశ్న. బ్రిటన్‌లో తరచూ సైనస్ బాధలు పడే 871 మంది మీద ఈ రెండు పద్ధతులనూ పరీక్షించారు. ఫలితాలు 2016లో కెనడా వైద్యసంఘం పత్రికలో వచ్చాయి. ముక్కు కడుక్కున్నవారికి ఆరు నెలల తర్వాత కూడా కొంత మేలు కనిపించింది. ఆవిరి పట్టినవారికి తలనొప్పి తగ్గింది తప్ప మిగతా బాధల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వేకువ:
ఆ చివరి మాటే నాకు కావలసింది. మబ్బుతునక గారు అడిగింది తలనొప్పి గురించే కదా!

గీతరాత:
సరే, వెచ్చదనం వద్దనను. కానీ మరుగునీళ్ళ గిన్నె మీద వాలి కూర్చోమని ఎవరికీ చెప్పను. గిన్నె ఒరిగితే నీళ్ళు పడేది ఒళ్ళోనే. ఆవిరి పట్టబోయి ఒళ్ళు కాలి ఆసుపత్రికి చేరే పిల్లలున్నారు. వేడినీళ్ళ స్నానం చేస్తూ ఆ తేమలో కాసేపు నిలబడవచ్చు. లేదా వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో ముక్కుకూ బుగ్గలకూ కాపడం పెట్టుకోవచ్చు.

ముక్కు కడిగే తీరు చెబుతాను. పావు లీటరు గోరువెచ్చని నీటిలో అర టీచెంచా అయొడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. సింకు మీదికి వంగి తల ఒక పక్కకు వాల్చి, నోటితో గాలి పీలుస్తూ, పై ముక్కుపుటంలో మెల్లగా పోయండి. నీరు కింది పుటం నుంచి దానంతట అదే వచ్చేస్తుంది. తర్వాత సుతారంగా చీదండి, బలమంతా పెట్టి చీదితే చెవి పట్టేస్తుంది. ఉప్పు వేయని నీరు పోస్తే లోపల భగ్గుమంటుంది. మొదటిసారే అలా చేసి, ఈ పద్ధతే చెడ్డదని వదిలేసినవారు ఎందరో.

పూలకుండీ:
అసలు విషయం వదిలేశారు, గీతరాత గారూ. ఏ నీరు? కుళాయి నీరు నేరుగా వాడకూడదు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఇంటి కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు చనిపోయారు. నెగ్లేరియా ఫౌలేరి అనే అమీబా ముక్కు గుండా మెదడుకు చేరింది. ఆ నీరే తాగితే ఆ జబ్బు రాదు, ముక్కులోకి వెళితేనే ప్రమాదం. చాలా అరుదే, కానీ సోకితే బతికి బయటపడేవారు బహుకొద్దిమంది. నీటిని కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చండి, లేదా డిస్టిల్డ్ నీరు వాడండి. పాత్రను ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి.

మందులపెట్టె:
మందుల దుకాణంలో పనిచేస్తాను, అందుకని రెండు మాటలు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ స్ప్రేలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మూడు రోజులు దాటి కొడుతూ పోతే, మానేసిన వెంటనే ముక్కు మునుపటికంటే గట్టిగా దిబ్బడ వేస్తుంది. మళ్ళీ కొట్టాల్సి వస్తుంది. ఆ చక్రంలో నెలల తరబడి చిక్కుకున్నవారిని చూస్తుంటే బాధగా ఉంటుంది. ఇక ఫినైలెఫ్రిన్ ఉన్న జలుబు మాత్రలు: నోటితో మింగితే ఆ మందు ముక్కు దిబ్బడకు పనిచేయదని అమెరికా ఔషధ సంస్థ నిపుణుల సంఘం 2023లో ఏకగ్రీవంగా తేల్చింది. నొప్పికి పారాసిటమాల్ చాలు. జలుబు మాత్రలో కూడా అదే ఉండవచ్చు, చీటీ చదవకుండా రెండూ కలిపి వేసుకోకండి. బామ్‌లోని మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి లేపుతుంది, అందుకే గాలి ఆడుతున్నట్టు అనిపిస్తుంది. లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది.

తూర్పుకిటికీ:
ఆవిరా ఉప్పునీరా అని ఇంతసేపు వాదించారు. ఆ నొప్పి సైనస్‌దేనా అని ఒక్కరూ అడగలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. 2004లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, తమది సైనస్ తలనొప్పి అని నమ్మినవారిని, లేదా వైద్యులే అలా చెప్పినవారిని 2,991 మందిని పరిశీలించారు. వారిలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్‌కు సరిపోయాయి.

ముఖానికీ మెదడు పొరలకూ స్పర్శనిచ్చేది ఒకే నాడి, ట్రైజెమినల్. మైగ్రేన్‌లో అది రేగితే ముక్కు పొర వాస్తుంది, కళ్ళలో నీళ్ళు కారతాయి, బుగ్గలు బరువెక్కుతాయి. వంగితే పెరగడం రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి అదొక్కటే గుర్తు కాదు. మబ్బుతునక గారూ, చిక్కటి చీమిడి వస్తోందా? వాసన తెలుస్తోందా? పై దంతాలు సలుపుతున్నాయా? లేక వెలుతురు చూడలేకపోవడం, కడుపులో తిప్పడం ఉన్నాయా? జలుబు లేనప్పుడు కూడా ఇదే నొప్పి వచ్చి పోతుంటుందా?

వేకువ:
ఆ లెక్కన ఆవిరి పట్టి హాయిపడేవారంతా భ్రమలో ఉన్నారంటారా?

తూర్పుకిటికీ:
లేదండీ. వెచ్చదనం, చీకటి గది, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోవడం మైగ్రేన్‌కూ ఉపశమనమే. నష్టం ఎక్కడంటే, అసలు జబ్బు పేరు తెలియక ఏళ్ళు గడిచిపోతాయి. అవసరం లేని యాంటీబయోటిక్స్ మింగుతారు. మామూలు నొప్పి మాత్రలే నెలకు 15 రోజులు, అంతకు మించి, నెలల తరబడి వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి.

మబ్బుతునక:
చిక్కటి పసుపు చీమిడి వస్తోంది, వాసన తెలియడం లేదు. పై దవడ సలుపుతోంది. వెలుతురుతో ఇబ్బంది లేదు. జలుబు లేనప్పుడు ఈ నొప్పి ఎప్పుడూ రాలేదు. పసుపు రంగు ఉంటే యాంటీబయోటిక్ వేసుకోవాలంటున్నారు, నిజమేనా? రాత్రి పడుకుంటే ముక్కు పూర్తిగా మూసుకుపోతోంది.

తూర్పుకిటికీ:
అయితే మీది సైనస్ వాపే అయ్యే అవకాశం ఎక్కువ. రంగును బట్టి బాక్టీరియా అని తేల్చలేం. వైరస్ వల్ల వచ్చినా పసుపు, ఆకుపచ్చ రంగులు వస్తాయి, ఎక్కువ మందికి వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. జలుబు మొదలైనప్పటి నుంచి పది రోజులు దాటినా మెరుగు లేకపోతే, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడితే, లేదా ఎక్కువ జ్వరం వస్తే వైద్యుని చూడండి. కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనబడడం, మెడ బిగుసుకోవడం, మగత, వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి.

గీతరాత:
పడుకునే ముందు ముక్కు కడగండి, కాచి చల్లార్చిన నీటితోనే. దిండు ఎత్తు పెంచండి. పడుకుంటే ముక్కు పొరల్లోకి రక్తం ఎక్కువ చేరి వాపు పెరుగుతుంది, తల ఎత్తులో ఉంటే కొంత నయం. పై దవడ సలుపు ఒకే పక్క ఉంటే మాత్రం పంటి వైద్యునికి చూపించండి, పంటి చీము నుంచి కూడా సైనస్ వాస్తుంది.

మబ్బుతునక:
రెండు పక్కలా ఉంది. నీళ్ళు పొయ్యి మీద పెట్టాను.