శాడిల్ హంటింగ్ మొదలుపెడుతున్నా: స్టిక్స్, తాడు, ఎత్తు, బూట్లు... ఏది ముందు?

పిట్స్‌బర్గ్_పిల్లోడు:
అందరికీ నమస్తే. హంటర్ ఎడ్ (వేటగాళ్ళ శిక్షణ కోర్సు) అయింది, విల్లుతో జింకల వేటకి ఆర్చరీ లైసెన్స్ తీసుకున్నాను. పబ్లిక్ ల్యాండ్‌లోనే వేట కాబట్టి స్టాండ్ చెట్టుకి వదిలేసి రాలేను. రెండు ప్యానెళ్ళ శాడిల్ (నడుముకి తొడుక్కుని, తాడు మీద చెట్టుకి వేలాడే పట్టీ) ఒకటి కొన్నా, మిగతావి ఇంకా కొనలేదు. నాలుగు స్టిక్స్ (మానుకి కట్టే చిన్న మెట్ల కర్రలు) తీసుకోవాలా, వన్-స్టిక్‌తో (ఒక్కదాన్నే పైకి జరుపుతూ) ఎక్కి తాడు మీద దిగాలా? టెథర్ (శాడిల్‌ని చెట్టుకి పట్టి ఉంచే తాడు) 8 ఎంఎం చాలా, 11 కావాలా? ఎంత ఎత్తు? బూట్లు ఎలాంటివి? నేను హెచ్1బీ మీద ఉన్నా, విల్లుకి ఇబ్బంది ఉందా?

చెట్టెక్కిన_చంటి:
మొదటి సీజన్‌లో వన్-స్టిక్ జోలికి పోకు తమ్ముడూ. నాలుగు స్టిక్స్ తీసుకో, 17 నుంచి 20 అంగుళాలవి. నేల మీదే లైన్‌మన్ బెల్ట్ (ఎక్కేటప్పుడు నడుం నుంచి చెట్టు చుట్టూ తిప్పే తాడు) వేసి బిగించు. మొదటి స్టిక్ ఛాతీ ఎత్తులో కట్టి, కిందికి గట్టిగా నొక్కి కూర్చోబెట్టు. ఈ నొక్కడం మానేస్తే అడుగు పెట్టగానే స్టిక్ రెండంగుళాలు జారుతుంది. ఆ చప్పుడు జింకకి, ఆ జారుడు నీకు. తర్వాతి స్టిక్ పై మెట్టు మీద నిలబడి చేయి హాయిగా అందే చోట. నాలుగూ కడితే పదిహేను, పదహారు అడుగులు వస్తుంది. కింద వేసుకునే వెబ్బింగ్ మెట్టు ఒకటుంటే ఇరవై.

పైకి చేరాక లైన్‌మన్ బెల్ట్ విప్పకముందే టెథర్ చుట్టి, బ్రిడ్జ్‌కి (శాడిల్ ముందు రెండు పక్కల్నీ కలిపే తాడు) క్యారబీనర్ కొక్కెం తగిలించి, బరువంతా దాని మీద వేసి చూడు. అది పట్టిందని తెలిశాకే బెల్ట్ విప్పు. మధ్యలో కొమ్మ అడ్డం వస్తే కూడా అంతే: టెథర్ కొమ్మ పైన వేసుకో, అప్పుడు బెల్ట్ తీసి దాటించు. ఏ క్షణంలోనూ రెండూ విడిగా ఉండకూడదు.

ముడి_మాస్టారు:
అన్నీ బాగానే చెప్పారు, తాడు వదిలేశారు. 8 ఎంఎం టెథర్ మీద 6 ఎంఎం ప్రూసిక్ (టెథర్ చుట్టూ వేసే, చేత్తో జరిపితే జరిగి బరువు పడితే బిగిసే ముడి) వాడండి. 8 మీద 8 వేస్తే సరిగ్గా పట్టకపోవచ్చు, జారొచ్చు. ప్రూసిక్ తాడు ఎప్పుడూ సన్నగా ఉండాలి. మూడు చుట్లు వేసి, చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా సర్దాలి. మెకానికల్ క్యామ్‌ల (ప్రూసిక్ బదులు తాడుని పట్టే లోహపు క్లిప్పుల) జోలికి మాత్రం వెళ్ళొద్దు.

మిషిగన్_మావ:
ఎందుకు వెళ్ళొద్దు? నవంబరు పొద్దున గ్లవ్స్ వేసుకున్న చేత్తో తడిసి గడ్డకట్టిన ప్రూసిక్ జరిపి చూపించండి మాస్టారూ. రోప్‌మ్యాన్ క్యామ్ అయితే ఒంటిచేత్తో పైకి తోసేయొచ్చు. ప్రూసిక్ జరపడానికి రెండు చేతులూ కావాలి, రెండో చేతిలో విల్లు ఉంటుంది కదా.

ముడి_మాస్టారు:
మీ టెథర్ ఎంత మందం? రోప్‌మ్యాన్ 1 తయారైంది 10 నుంచి 13 ఎంఎం తాళ్ళకి. 8 మీద వేసి "నాకేం కాలేదు" అనేవాళ్ళు సగం మంది ఉన్నారిక్కడ.

మిషిగన్_మావ:
నాది 11. మీరు అడక్కుండానే తీర్పు ఇచ్చేశారు.

ముడి_మాస్టారు:
11 అయినా మాట మారదు. క్యామ్ నిలకడ బరువుకే, కుదుపుకి కాదు. ఈఎన్ 567 అనే యూరప్ ప్రమాణంలో అసెండర్‌కి (ఇలాంటి క్యామ్‌లకి) పెట్టే పరీక్ష 4 కిలోన్యూటన్లు. స్టాటిక్ (సాగని) తాడులో రెండడుగుల వదులు పెట్టుకుని మనిషి పడితే ఆ అంకె దాటడం కష్టమేమీ కాదు. అప్పుడు క్యామ్ తాడు తొడుగుని చింపేయొచ్చు. ప్రూసిక్ అయితే కొంచెం జారి కుదుపు మింగుతుంది.

మిషిగన్_మావ:
రెండడుగుల వదులు పెట్టుకున్నోడు ప్రూసిక్ మీద పడ్డా నడుం విరుగుతుంది. తప్పు వదులుది, క్యామ్‌ది కాదు.

ఆర్బరిస్ట్_అన్నయ్య:
పద్నాలుగేళ్ళుగా చెట్ల మీదే నా ఉద్యోగం, సర్టిఫికెట్ కూడా ఉంది, కాబట్టి ఈ తగువు నేను తీరుస్తా. ఇద్దరూ సగం కరెక్ట్. టెథర్‌లో వదులే ఉండకూడదు, అది మొదటి నియమం. క్యామ్ వాడితే దాని కింద తాడుకి స్టాపర్ ముడి వేయండి. ఇంకా ముఖ్యమైంది మీరిద్దరూ వదిలేశారు: డైనీమా (ఒక రకం సింథటిక్ తాడు) బ్రిడ్జ్‌కి ముడి వేయొద్దు. అది నున్నగా ఉంటుంది, మామూలు ముడి జారిపోతుంది, ఉన్న బలం కూడా సగానికి పడిపోతుంది. స్ప్లైస్ చేసిందే (తాడు కొసని తాడులోకే అల్లిందే) వాడాలి. దాని మీద నేరుగా ప్రూసిక్ రాపిడి కూడా వద్దు, 150 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగే సరుకు అది.

మిషిగన్_మావ:
తీర్పు చెప్పమని పిలిచామా అన్నయ్యా?

నల్గొండ_నీడ:
గింత లొల్లి ఎందుకన్నా. మా దిక్కు తాడెక్కెటోళ్ళ మోకే కదా మీ లైన్‌మన్ బెల్ట్. కొత్త పేరు పెట్టి డాలర్లు గుంజుతున్నరు.

ముడి_మాస్టారు:
కాదు తమ్ముడూ. మోకు చెట్టుని, మనిషిని కలిపి చుట్టి ఉంటుంది, కాళ్ళు చెట్టుకి తన్ని ఆనించి ఉన్నంతసేపే పట్టు. కాలు జారితే మోకు కూడా జారుతుంది. లైన్‌మన్ బెల్ట్‌ కూడా అంతే, ఒంటరిగా అది పడకుండా ఆపదు. టెథర్ అలా కాదు, చెట్టు చుట్టూ ఉరిలా బిగుసుకుంటుంది. బరువు పెరిగేకొద్దీ ఇంకా బిగుస్తుంది.

నల్గొండ_నీడ:
సరే ఒప్పుకున్న. 2024ల సర్కారు గీత కార్మికులకు ఇచ్చిన కాటమయ్య రక్షణ కిట్టు కూడా గందుకే వచ్చింది మరి.

నేల_మీదోడు:
చెట్టెక్కి వేలాడే బదులు నేల మీద ఒక బ్లైండ్ (దాక్కునే గుడారం) వేసుకుంటే ఈ ముళ్ళూ తాళ్ళూ ఉండవు. కుర్చీ, ఫ్లాస్కులో టీ.

చెట్టెక్కిన_చంటి:
బాబాయ్, ప్రతి చర్చలోనూ ఇదే మాట. పబ్లిక్ ల్యాండ్‌లో రెండు మైళ్ళు నడిచి గాలి మారితే బ్లైండ్ ఎలా మారుస్తావు? శాడిల్, ప్లాట్‌ఫామ్ (పైన కాళ్ళు ఆనించే చిన్న పలక), స్టిక్స్ అన్నీ కలిపి పన్నెండు నుంచి పదిహేను పౌండ్లు.

ఆర్బరిస్ట్_అన్నయ్య:
చెట్టు గురించి ఎవరూ అనలేదు. యాష్ చెట్టు ఎక్కొద్దు. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు ఇప్పుడు పెన్సిల్వేనియా అంతా ఉంది. పైన ఆకులున్నా లోపల కొమ్మలు పెళుసెక్కి ఉంటాయి. షాగ్‌బార్క్ హికరీ బెరడు పెచ్చులు ఊడి చప్పుడు చేస్తుంది. పది నుంచి పదహారు అంగుళాల మందం ఉన్న ఓక్, మేపుల్ చూసుకోండి.

ఒరిగిన_వాలు:
ఎత్తు ప్రశ్న గాలికి వదిలేశారు. 15 నుంచి 18 అడుగులు చాలు. ఇరవై అడుగుల ఎత్తు నుంచి పదిహేను గజాల్లో ఉన్న జింకకి బాణం 24 డిగ్రీల వాలులో వెళ్తుంది. అదే పది గజాలైతే 34. ఆ వాలులో రెండు ఊపిరితిత్తులకీ ఒకే బాణం తగలడం కష్టమవుతుంది. గురి పెట్టేటప్పుడు చేయి దించకుండా నడుం దగ్గర వంగాలి. నువ్వు కుడిచేతి వాటం అయితే, చెట్టు వైపు చూస్తూ వేలాడినప్పుడు నీ ఎడమ పక్క సులువు. కుడి పక్క వస్తే టెథర్ అడ్డం. అందుకే జింక దారి ఎడమ పక్కకి వచ్చే చెట్టు ఎంచుకో. క్రాస్‌బౌ అయితే ఈ తిరగడం ఇంకా కష్టం, దాని చేతులు మాను బెరడుకి తగులుతాయి.

తుంటి_నొప్పి:
రెండు గంటలకే తుంట్లు నొక్కేస్తున్నాయి, శాడిల్ మార్చాలా?

చెట్టెక్కిన_చంటి:
మార్చకు. బ్రిడ్జ్ పొడవు చేయండి. పొట్టిగా ఉంటే రెండు పక్కల్నుంచీ లోపలికి పిండుతుంది. టెథర్ నుదుటి ఎత్తులో ఉందో లేదో చూడండి. ఒరిగి నిలబడేటప్పుడు పై ప్యానెల్ బెల్టు దగ్గర, కూర్చునేటప్పుడు కింది ప్యానెల్ తొడ మధ్యకి. మోకాలికి ప్యాడ్ తప్పనిసరి. ప్లాట్‌ఫామ్ కట్టేటప్పుడు ముందు అంచు కాస్త పైకి పెట్టి, కాలితో తన్ని కిందికి దించితే చెట్టుని కరుచుకుంటుంది.

డాలస్_దొర:
విల్లు తుపాకీ కాదు, ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీకి ఇబ్బంది లేదు. రైఫిల్‌కి మాత్రం చెల్లే హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండాలి, ఆ మినహాయింపు లేకపోతే వీసా మీదున్నవాళ్ళు తుపాకీ ముట్టుకోవడమే నేరం. రైఫిల్ సీజన్‌లో అడుగు పెడితే మీ రాష్ట్రంలో 250 చదరపు అంగుళాల ఆరెంజ్ రంగు బట్ట ఒంటి మీద కావాలి. ఇక్కడ టెక్సాస్‌లో దాదాపు అంతా ప్రైవేట్ ల్యాండే, మాకు లీజు డబ్బుల గోల.

విజయవాడ_వేట:
ఇవన్నీ మన దగ్గర చేయొచ్చా?

డాలస్_దొర:
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చదువు. జైలుకి పోతావు.

మిషిగన్_మావ:
అసలు సంగతి జింక మాంసం. ఊళ్ళో వేట మాంసం అంటే మేక అనుకునేవాళ్ళకి ఇది కొత్త. కొవ్వు ఉండదు. వెండి రంగు పొర మొత్తం తీసేయాలి, లేకపోతే కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ వేసినా రబ్బరే. నడుం కండ కూరకి పాడుచేయకండి, పెనం మీద రెండు నిమిషాలు చాలు. తొడ, భుజం కూరకి. సీడబ్ల్యూడీ (జింకల మెదడుకి వచ్చే జబ్బు) ఉన్న కౌంటీ అయితే ముందు పరీక్షకి పంపించి, ఫలితం వచ్చాకే ఫ్రీజర్ తెరవండి.

ముడి_మాస్టారు:
ప్రూసిక్ మీద మాట తప్పించి కూర దగ్గరికి వచ్చేశావు మావా.

పిట్స్‌బర్గ్_పిల్లోడు:
బూట్లు ఎవరూ చెప్పలేదు 😅

ఒరిగిన_వాలు:
బూటు అడుగుభాగం గట్టిగా ఉండాలి, మెత్తటివైతే ప్లాట్‌ఫామ్ అంచు పాదం మధ్య కోస్తుంది. చలికి వేసుకునే దళసరి బూట్లు బ్యాగ్‌కి కట్టుకుని, చెట్టు కిందకి వచ్చాక మార్చుకో. వేసుకుని నడిస్తే చెమట పట్టి గంటలో కాళ్ళు చల్లబడతాయి.