తూకం లేకుండా కేక్: గ్రాములను చెంచాల్లో ఎట్లా కొలవాలి?

హన్మకొండలో ఉంటాం, ఇంట్లో తూకం మెషిన్ లేదు. ఆదివారం పాప పుట్టినరోజు. రెసిపీలో మైదా 120 గ్రాములు, చక్కెర 100, వెన్న 55, బేకింగ్ పౌడర్ 4 అని ఉంది. పోయినసారి అన్నిటికీ చెంచాకు 15 గ్రాముల లెక్కన వేస్తే కేక్ మధ్యలో కుంగిపోయింది. టెన్షన్‌గా ఉంది, కొంచెం చెప్పండి.

జవాబు 1:
అక్కా, పొరపాటు అక్కడే జరిగింది. చెంచా కొలిచేది బరువు కాదు, అందులో ఎంత పడుతుందన్నదే. 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాలో మైదా 8 గ్రాములే పడుతుంది, చక్కెర 12-13, వెన్న 14. అంటే మీకు మైదా 15 చెంచాలు, చక్కెర 8, వెన్న 4. బేకింగ్ పౌడర్ 5 మిల్లీలీటర్ల చిన్న చెంచాతో ఒక్కటి చాలు, గోపురంలా కాకుండా అంచుకు సమంగా.

జవాబు 2:
మైదా డబ్బాలో చెంచా ముంచి తీయకండి, పిండి అదుముకుని ఎక్కువ పడుతుంది. ముందు పిండిని బాగా కదిపి, వేరే చెంచాతో మెల్లగా పోసి, కత్తి వెనక వైపుతో సాపు చేయండి. ఇంకోటి, అన్నం తినే చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. దగ్గు మందుతో వచ్చే చిన్న కప్పు మీద 5, 10, 15 గీతలుంటాయి కదా, దాన్ని కడిగి, నీళ్లు పోసి మీ చెంచా ఎంతదో చూసుకోండి.

అడిగినవారు:
కప్పుతో చూశాను, మా పెద్ద చెంచా 10 మిల్లీలీటర్లే! ఇక ఆ కప్పుతోనే కొలుస్తాను. చాలా థాంక్స్.