సమస్యాపూరణం: మిణుఁగురున కోడిపోయె నా మింటిరేఁడు

నిర్వాహకులు:
అక్టోబరు 11 మలయాళ నటుడు నెడుముడి వేణు గారు వెళ్ళిపోయిన రోజు. 2021లో తిరువనంతపురంలో డెబ్బై మూడేళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. నిన్న రాత్రి 1987లో భరతన్ దర్శకత్వంలో వచ్చిన ‘ఒరు మిన్నామినుంగింటె నురుంగువెట్టం’ చిత్రాన్ని మళ్ళీ చూశాను. మిన్నామినుంగ్ అంటే మన మిణుగురే, వెట్టం అంటే వెలుగు. చిత్రం ముగిశాక చాలాసేపు లేవలేక కూర్చుండిపోయినప్పుడు ఈ పాదం దానంతట అదే నోటికి వచ్చింది. దీనినే చివరి పాదంగా ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించండి. సూర్యుడిని మింటిమానికం అనడం నిఘంటువులకు తెలిసిన మాటే అయినా, నేను కావాలనే ‘మింటిరేఁడు’ (ఆకాశపు రాజు) అని వదిలిపెట్టాను. అతడు సూర్యుడో, చంద్రుడో, తెరమీది తారో మీరే తేల్చండి. ఎవరు ఏ దారి పట్టినా పద్యం వేణు గారి దగ్గరకే చేరాలని మాత్రం కోరుతున్నాను.

ఛందస్సు తేటగీతి: మిణుఁగురున కోడిపోయె నా మింటిరేఁడు

తెనాలి రామచిలుక:
మొదటి పూరణ మా ఊరి నుంచి రావడం న్యాయమని భావిస్తున్నాను, ఎందుకంటే ఆ చిత్రంలో వేణు గారి పక్కన నిలిచినది మా తెనాలి ఆడపడుచు శారద గారు.

నలుబదేండ్లును నిండని నటుఁడు తాత
యై తెనాలి శారద చెంత నడుగు లిడఁగఁ
దళుకు తారల కాంతియుఁ దక్కువయ్యె
మిణుఁగురున కోడిపోయె నా మింటిరేఁడు.

శారద గారు 1945లో పుట్టారు, వేణు గారు 1948లో పుట్టారు. తనకంటే మూడేళ్ళు పెద్దదైన నటి పక్కన, బడి నుంచి విరమించుకున్న వృద్ధ ఉపాధ్యాయుడిగా ఆయన నటించినప్పుడు, పిల్లలు లేని ఆ ముసలి దంపతుల ఇంట్లో మనమూ ఒక మూల కూర్చుని ఉన్నట్టే ఉంటుంది తప్ప ఆ తెల్లజుట్టు రంగు వేసినదన్న సంగతి గుర్తుకు రాదు. ఆ సంవత్సరం కేరళ ప్రభుత్వ ఉత్తమ నటుడి పురస్కారం ఆయనకే వచ్చింది.

పాతపాళీ:
అమ్మా, మొదటి రెండు పాదాలు చేయి తిరిగిన వారి పాదాలు. ‘తాత’ అన్న మాటను పాదం చివర ఆపి, ‘యై’ అని తరువాతి పాదంలోకి దింపడంలో ఆ వయసు మార్పు కంటికి కట్టింది. తెనాలి పేరు కూడా అతికించినట్టు లేదు, ఎందుకంటే శారద గారికి వచ్చిన మూడు జాతీయ పురస్కారాలలో రెండు, 1968 నాటి ‘తులాభారం’, 1972 నాటి ‘స్వయంవరం’, మలయాళ చిత్రాలకే వచ్చాయి. ఆమెను తెలుగువారికంటే ముందు మలయాళీలు గుండెల్లో పెట్టుకున్నారు. అయితే ‘తళుకు తారల కాంతి’ మాత్రం అందరి ఇళ్ళలోనూ వేలాడే పటం లాంటి మాట. అంత మంచి ఎత్తుగడ తరువాత మూడవ పాదంలో మీదైన మాట ఒకటి పడవలసింది.

ఏటిగట్టు:
నేను ఆయన పుట్టిన నేల నుంచి మొదలుపెట్టాను. మా కోనసీమలో కాలువ గట్ల మీద పెరిగిన వాడిని కనుక ఆ కుట్టనాడు నాకు పరాయిది కాదు. వెంబనాడు సరస్సు చుట్టూ గట్లు పోసి, సముద్రమట్టం కంటే దిగువన వరి పండించే సీమ అది. ఆయన పేరులోని నెడుముడి అక్కడి ఊరే.

కుట్టనాటి జలమ్ముల గట్టుమీఁద
మృదు మృదంగ నాదమ్మున మేలుగాంచి
వేణువై పల్లె పాటలు వెల్లివిరియ
మిణుఁగురున కోడిపోయె నా మింటిరేఁడు.

కొత్తకలం:
పెద్దలు మన్నించాలి. రెండవ పాదం మొదటి గణం నాకు కుదరడం లేదు. ‘మృ’ గురువు (రెండు మాత్రల అక్షరం) కదా? అప్పుడు ‘మృదుమృ’ సూర్యగణం (మూడు మాత్రల గణం) ఎలా అవుతుంది?

చంద్రవంక:
నాయనా, వట్రుసుడి అచ్చు గుర్తే తప్ప ఒత్తు కాదు, కనుక ‘మృ’ లఘువే (ఒక మాత్రే). మృ – మే యతి (పాదం మొదటి అక్షరానికి లోపలి అక్షరం కుదరడం) కూడా నిక్షేపంగా ఉంది. అడిగినందుకు సంకోచపడవద్దు, ఈ తడబాటు చాలామందికి వచ్చేదే.

ఏటిగట్టు గారి పాదంలో ఛందస్సుకు లోటు లేదు, లోటు వంతెనకు వచ్చింది. వేణు గారు మృదంగం నేర్చిన మనిషి, కావాలం నారాయణ పణిక్కర్ గారి నాటక బృందంలో ఆడుతూ పాడుతూ తయారైన మనిషి, 1978లో అరవిందన్ తీసిన ‘తంపు’తో సినిమాకు వచ్చిన మనిషి. ఆ లయ అంతా మొదటి మూడు పాదాలలో వినిపిస్తున్నది. ‘వేణువై’ అన్న చోట పేరూ వాద్యమూ ఒకటి కావడం హాయిగా ఉంది. కానీ మూడవ పాదం దాటి నాలుగవ పాదంలో అడుగు పెట్టగానే మిణుగురు ఎవరో, మింటిరేడు ఎవరో చెప్పేవారు లేరు. సమస్యను పద్యం చివర తగిలించినట్టు కాకుండా, పద్యమే సమస్యలోకి నడిచి వెళ్ళినట్టు ఉండాలి.

ఏటిగట్టు:
మీరు చెప్పినది నిజం. ఊరు కళ్ళ ముందు కదలగానే నేను అక్కడే నిలిచిపోయాను. మరొక పూరణతో వస్తాను.

పాలమూరు పలుకు:
నాకు మలయాళం రాదు. 1996లో ‘భారతీయుడు’ తెలుగులో వచ్చినప్పుడు, వృద్ధుడైన సేనాపతిని వెతుక్కుంటూ వచ్చే సీబీఐ అధికారి కృష్ణస్వామిగానే ఆయనను చూశాను. చాలా సంవత్సరాలు నాకు ఆయన అంతవరకే. ఒక మిత్రుడు బలవంతాన కూర్చోబెట్టి ఈ మిణుగురు చిత్రాన్ని చూపించిన రోజున, ఇంతటి నటుడిని ఒక్క పాత్రకు కుదించి దాచుకున్నానే అని బాధ కలిగింది. ఆ బాధనే పద్యం చేశాను.

భారతీయుఁ డనెడు చిత్ర ఫలకమందు
నేరముల వెదకెడి కంటి నిప్పుఁ గంటిఁ
జిన్న వెలుఁగుఁ జూచితి నంత సిగ్గుపడితి
మిణుఁగురున కోడిపోయె నా మింటిరేఁడు.

చంద్రవంక:
ఇప్పటివరకు వచ్చినవాటిలో సమస్యను నిజంగా విప్పిన పూరణ ఇదే. మిగిలినవారందరూ ‘పోయెన్ + ఆ’ అని విడదీస్తే, మీరు ‘పోయె, నా’ అని విడదీసి మింటిరేడిని మీ సొంతం చేసుకున్నారు. మీ మనసులో ఉన్న పెద్ద తెర అధికారి, అదే మనిషి వేసిన చిన్న వెలుగు పాత్ర ముందు ఓడిపోయాడు. గెలిచినవాడూ ఓడినవాడూ ఒక్కడే కావడం ఈ పద్యం ప్రాణం. ‘కంటి నిప్పుఁ గంటి’ అన్న చోట రెండు ‘కంటి’లూ వేరువేరు అర్థాలతో పక్కపక్కన కూర్చున్నాయి. తెచ్చిపెట్టుకున్న యమకం అయితే చెవికి ముల్లులా తగిలేది, ఇది తగలలేదు.

పాతపాళీ:
పాలమూరు పలుకు గారి విరుపుకు నేనూ నమస్కరిస్తున్నాను. అయితే ఆ ‘నా’కు మూడవ దారి కూడా ఉన్నది. దానిని ప్రశ్నగా చదవవచ్చు. 1991 నాటి ‘భరతం’ చూసినవారికి నా పద్యం వేరే వివరణ లేకుండానే తెలుస్తుందని ఆశిస్తున్నాను.

అన్న గాత్రము మధువున నడఁగిపోవఁ
దమ్ముఁ డందుకొన్న స్వరమ్ము ధరణి నిండె
నోటమినిఁ గౌఁగిలించిన యోర్పుఁ గనుము
మిణుఁగురున కోడిపోయెనా మింటిరేఁడు?

కొత్తకలం:
ఆ చిత్రం నేను చూడలేదు. కథ కొంచెం చెప్పగలరా?

తెనాలి రామచిలుక:
నేను చెబుతాను. లోహితదాస్ రాయగా సిబి మలయిల్ తీసిన చిత్రం అది. వేణు గారు కల్లియూర్ రామనాథన్ అనే పేరున్న కర్ణాటక సంగీత విద్వాంసుడు, మోహన్‌లాల్ ఆయన తమ్ముడు గోపి. అన్న తాగుడు వల్ల కచేరీకి నిలవలేని స్థితికి వచ్చినప్పుడు తమ్ముడు ఆ చోట కూర్చుని పాడవలసి వస్తుంది. తమ్ముడికి వచ్చిన మెప్పు అన్నను దహిస్తుంది. మన బాలమురళీకృష్ణ గారు కూడా పాడిన చిత్రం అది. ఆ సంవత్సరం ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం మోహన్‌లాల్‌కు వచ్చింది. దానికి ముందు ఏడాది ‘హిజ్ హైనెస్ అబ్దుల్లా’లో సంగీతప్రియుడైన వృద్ధ మహారాజు పాత్రకు వేణు గారికి ఉత్తమ సహాయ నటుడి జాతీయ పురస్కారం వచ్చి ఉన్నది.

చంద్రవంక:
పాతపాళీ గారూ, ప్రశ్నగా తిప్పడం గొప్ప మలుపు, అందులో సందేహం లేదు. కానీ రెండవ పాదంలో ‘కొన్న స్వరమ్ము’ దగ్గర నా చెవి ఆగిపోయింది. ‘స్వ’ ముందున్న ‘న్న’ను గురువుగా ఉచ్చరిస్తే మూడవ గణం కూలిపోతుంది. లఘువుగా పలకాలంటే రెండు మాటల నడుమ ఊపిరి తీసుకోవాలి. సంగీతం గురించి చెప్పే పాదంలోనే శ్రుతి జారితే ఎలా?

ఇంకొక మాట కూడా చెప్పాలి. రామనాథన్‌ది ఓర్పు కాదు. మొదట అతడు అసూయతో కాలిపోయాడు, మనసు మారడం తరువాతి మాట. వేణు గారి గొప్పతనం అంతా ఆ కాలిపోవడంలోనే ఉన్నది. తమ్ముడి పాటకు పొంగుతున్న సభను చూసినప్పుడు ఆ ముఖంలో గర్వమూ కుళ్ళూ ఒకేసారి కదిలే తీరును ‘ఓర్పు’ అన్న ఒక్క మాట చెరిపివేస్తున్నది.

మలయాళ నటి కె.పి.ఎ.సి. లలిత గారు పోయినప్పుడు మీరు చేసిన పూరణను నేను ఇప్పటికీ మరచిపోలేదు. ‘మతిలుకళ్’ చిత్రంలో గోడ అవతలి నారాయణిగా ఆమె ఎక్కడా కనబడకుండా గొంతుతోనే నటించిన సంగతిని పట్టుకుని, ఆ గొంతును ఒక్క విశేషణం కూడా లేకుండా నాలుగు పాదాలలో నిలబెట్టారు. ఆ పద్యం రాసిన చేయి ఇక్కడ తొందరపడింది.

పాతపాళీ:
చంద్రవంక గారూ, మీరు నా లలిత పద్యాన్ని గుర్తుపెట్టుకున్నారని ఈ రోజే తెలిసింది. ఆనాడు పదహారు మంది స్పందించారు, మీరు ఒక్క మాట కూడా రాయలేదు. మీకు నచ్చలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. దానిని పక్కన పెడతాను.

‘కొన్న స్వరమ్ము’ విషయంలో నేను ఒప్పుకోలేను. ముందున్నది తెలుగు మాట, తరువాతది సంస్కృత పదం. సంస్కృత సమాసం కాని చోట తరువాతి మాట మొదట ఉన్న సంయుక్తాక్షరం ముందు మాట చివరి లఘువును గురువుగా మార్చదు. పూర్వకవులు నడిచిన దారే ఇది.

చంద్రవంక:
ఆనాడు రాయకపోవడానికి కారణం నచ్చకపోవడం కాదు. ఆ చిత్రాన్ని మా అమ్మతో కలిసి చూశాను, ఆమె అప్పటికి లేరు. మీ పద్యం చదివి ఏమి రాయాలో తోచక ఊరుకున్నాను. ఆ మాట అప్పుడే చెప్పి ఉండవలసింది.

నిర్వాహకులు:
ఛందోలక్షణం పాతపాళీ గారి పక్షాన ఉన్నది, ‘న్న’ లఘువే, పాదం నిర్దుష్టమే. చెవి మాత్రం చంద్రవంక గారి పక్షాన ఉన్నది, చదివిన ప్రతిసారీ నేను కూడా అక్కడ ఒక క్షణం ఆగాను. రామనాథన్ అసూయ గురించి ఆమె చెప్పిన మాటతోనూ ఏకీభవిస్తున్నాను. గొంతు వేరొకరిదైనా, మృదంగం మీద తిరిగిన ఆ చేయి తాళం వేస్తుంటే అతడే పాడుతున్నాడని నమ్ముతాము. ఆ విద్య తెలిసినవాడు కనుకనే, అది చేజారిపోతున్నదన్న భయం అంత నిజంగా ఆయన ముఖంలోకి వచ్చింది.

చంద్రవంక:
నిర్వాహకుల తీర్పు నాకు సమ్మతమే, లక్షణం విషయంలో నా ఆక్షేపణను ఉపసంహరించుకుంటున్నాను. పాతపాళీ గారు అనుమతిస్తే రెండవ పాదానికి ఒక సూచన: ‘దమ్ముఁ డెత్తిన సంగతి ధరణి నిండె.’ కచేరీలో పాట పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతి ఒకటి, ఊరంతా పాకిన సంగతి ఒకటి. రెండూ ఆ అన్న గుండెకు తగిలినవే.

పాతపాళీ:
‘సంగతి’ నాకు తట్టలేదు. ఆ మాటను శిరసున ధరిస్తున్నాను. మూడవ పాదం గురించి రాత్రంతా ఆలోచించాను, మీరు చెప్పిన అసూయను దాచకుండా దానిలోనే నిలవడానికి ప్రయత్నించాను. ‘ఓర్పు’ను తీసివేశాను. దీనినే నా పూరణగా స్వీకరించవలసిందని, రెండవ పాదం చంద్రవంక గారిదని పక్కన రాయవలసిందని నిర్వాహకులను కోరుతున్నాను.

అన్న గాత్రము మధువున నడఁగిపోవఁ
దమ్ముఁ డెత్తిన సంగతి ధరణి నిండె
నీర్ష్యఁ గడిగిన కన్నీరె యెదుట నిలిచె
మిణుఁగురున కోడిపోయెనా మింటిరేఁడు?